నెట్ ఫోన్లు, దాచిన నంబర్లు: మన జిల్లాలో ఎవరికి ఏది సరిపోతుంది

ఆన్‌లైన్‌లో పొందూరు ఖాదీ చీరలు అమ్ముకునే అమ్మాయికి రాత్రి పదకొండు దాటాక "పడుకున్నావా?" అని తెలియని గొంతు ఫోన్ చేస్తుంది. పోస్టు కింద పెట్టిన నంబర్ ఆమె సొంత నంబరే, బ్యాంకులో ఉన్నదీ అదే, ఆధార్‌కి కలిపిందీ అదే, పదేళ్లుగా చుట్టాలందరి దగ్గరా ఉన్నదీ అదే, కాబట్టి మార్చుకోలేదు, ఆపుకోలేదు. ట్యూషన్ చెప్పే టీచర్లు, ఇంట్లో బ్లౌజులు కుట్టే అక్కలు, హోమ్ నర్సులు, లేడీస్ హాస్టల్ నడిపేవాళ్లు, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఇలా సొంత నంబర్‌నే బోర్డు మీద రాసుకుని పని చేసుకుంటున్నవాళ్లు చాలామంది. వాళ్లకి నంబర్ దాచుకునే దారి ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. అందుకే ఇది రాస్తున్నాను.

అయితే "నంబర్ దాచడం" అని వెతికితే ముందు కనిపించేవి చెత్త యాప్‌లు. వేరేవాళ్ల నంబర్ చూపించి కాల్ చేసేవి, విదేశీ నంబర్ ఫ్రీగా ఇస్తామనేవి. వాటి జోలికి అసలు వెళ్లొద్దు, కారణం తర్వాత చెబుతాను. మంచి దారులు కూడా నాలుగైదు ఉన్నాయి, ఏది ఎవరికి అనేది తేల్చుకోవాలంటే ముందు కాల్ ఎలా ప్రయాణిస్తుందో కొంచెం తెలియాలి.

కాల్ ఏ దారిలో వెళ్తుంది

నెట్ ద్వారా చేసే ఫోన్‌లో రెండు పనులు విడివిడిగా నడుస్తాయి. ఒకటి కబురు పంపడం: ఫలానా నంబర్ నుంచి ఫలానా నంబర్‌కి కాల్ వస్తోంది, మోగించు అని సర్వర్‌కి చెప్పడం. దీనికి ఎక్కువ కంపెనీలు వాడే పద్ధతి సిప్, ఇప్పుడున్న రూపంలో 2002లో ఖరారైంది. రెండోది మాట మోయడం: మీ గొంతుని చిన్న చిన్న ముక్కలుగా కోసి, మామూలుగా సెకనుకి యాభై ప్యాకెట్ల చొప్పున పంపడం. ఈ రెండూ ఒకే దారిలో వెళ్లాలని లేదు. కబురు ముంబైలో ఉన్న సర్వర్ మీదుగా పోయి, మాట మాత్రం ఇంకో దారిలో వెళ్లొచ్చు. రింగ్ బాగానే అయి ఎత్తాక ఒకవైపు మాట వినపడకపోవడం ఎప్పుడైనా చూశారా? చాలాసార్లు కారణం ఇదే, కబురు చేరింది కానీ మాట వెళ్లే దారిలో రూటర్ దగ్గర ఎక్కడో అడ్డం పడింది.

దీనికి పెద్ద నెట్ స్పీడ్ అక్కర్లేదు. గొంతుని అంకెలుగా మార్చే పద్ధతులు కొన్ని ఉన్నాయి, వాటిలో జీ.711 అనే పాత పద్ధతిలో ఒక్కో వైపుకి సెకనుకి 80 నుంచి 90 కిలోబిట్లు, జీ.729 అయితే 24 నుంచి 30 దాకా చాలు. వంద ఎంబీపీఎస్ ప్లాన్ వేసుకున్నా కాల్ తెగుతోందంటే లోపం స్పీడ్‌లో కాదు, ప్యాకెట్లు ఆలస్యంగా రావడంలో, ఒకదాని వెనక ఒకటి సమంగా రాకపోవడంలో. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మనిషికి తేడా తెలియదు, అది బాగా పెరిగిందంటే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి ఒకేసారి ఆగిపోతుంటారు.

వాట్సాప్ నుంచి వాట్సాప్‌కి చేస్తే కాల్ మొదటి నుంచి చివరిదాకా నెట్‌లోనే ఉంటుంది. కానీ నెట్ నుంచి మామూలు ఫోన్‌కి చేసినప్పుడు మధ్యలో ఒక గేట్‌వే కావాలి, అక్కడ కాల్ టెలికం కంపెనీ నెట్‌వర్క్‌లోకి దిగుతుంది. మొత్తం వ్యవహారంలో కీలకమైన చోటు ఇదే. మీ ఫోన్ తెర మీద కనిపించే నంబర్ ఆ కబురులో ఒక గడిలో రాసి ఉన్న అంకెలు, అంతే. ఆ గడి నింపేది కాల్ పంపిన వైపు. ఈ పద్ధతులు తయారైన 1970లు, 80లలో దేశానికి ఒకటో రెండో టెలిఫోన్ సంస్థలు ఉండేవి, ఒకదాన్నొకటి నమ్మేవి, గడిలో రాసింది నిజమా కాదా అని వెనక్కి వెళ్లి సరిచూసే ఏర్పాటు పెట్టుకోలేదు. ఇప్పుడు ఎవరైనా ఒక సర్వర్ పెట్టి ఆ గడిలో ఏదైనా రాయొచ్చు, దాన్ని ముందుకి తీసుకెళ్లే గేట్‌వే ఒకటి దొరికితే చాలు.

కాబట్టి దాచడం రెండు రకాలు. ఒకటి, లైసెన్స్ ఉన్న కంపెనీ తన సొంత నంబర్‌ని మధ్యలో పెట్టి ఇద్దరినీ కలపడం. తెర మీద కనిపించే నంబర్ అబద్ధం కాదు, అది నిజంగా ఆ కంపెనీదే, తిరిగి చేస్తే మోగుతుంది, ఎవరు ఎవరితో మాట్లాడారో దాని దగ్గర లెక్క ఉంటుంది. రెండోది, మనది కాని నంబర్‌ని గడిలో రాసి పంపడం. ఇది స్పూఫింగ్, నేరం. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023లో టెలికం గుర్తింపుని తారుమారు చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని ఉంది. సరదాకి స్నేహితుణ్ణి ఆటపట్టించడానికి చేశాను అంటే చెల్లదు.

సిమ్ బాక్సులు, దుబాయ్ నుంచి వచ్చే "లోకల్" కాల్స్

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. కొడుకు దుబాయ్ నుంచి ఏదో చవక యాప్‌తో చేస్తాడు, ఇక్కడ అమ్మ ఫోన్ మీద మాత్రం తొమ్మిదితో మొదలయ్యే మన దేశం నంబర్ పడుతుంది, ఆవిడ తిరిగి చేస్తే ఎవరూ ఎత్తరు. ఆ కాల్ సక్రమమైన దారిలో రాలేదు. విదేశీ కాల్ అంతర్జాతీయ లైసెన్స్ ఉన్న కంపెనీ గేట్‌వే మీదుగా రావాలి, దానికి చార్జీ కట్టాలి. అది ఎగ్గొట్టడానికి కాల్‌ని నెట్‌లో మన దేశంలోని ఏదో గదికి తెచ్చి, అక్కడ పదుల కొద్దీ సిమ్ కార్డులు పెట్టిన పెట్టెలోంచి లోకల్ కాల్‌గా బయటికి వదులుతారు. ఆ పెట్టే సిమ్ బాక్స్. పోలీసులు "అక్రమ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ పట్టివేత" అని చెప్పేది దీని గురించే. అందులో ఉండే సిమ్‌లు ఎవరివి? ఐదొందలు ఇస్తాం, నీ పేరు మీద సిమ్ తీసివ్వు అంటే తీసిచ్చిన అమాయకులవి. మీ ఊళ్లో ఎవరైనా అలా అడుగుతుంటే అక్కడే ఆపేయండి, రేపు మోసం కాల్ ఆ సిమ్ నుంచి వెళ్తే మొదట తలుపు తట్టేది ఆ పేరున్న మనిషి ఇంటినే.

ఇంకో పద్ధతి, విదేశం నుంచే +91 నంబర్‌ని గడిలో రాసి పంపడం. "మన దేశం నంబరే కదా అని ఎత్తాను బాబూ" అని పెద్దవాళ్లు అనేది అందుకే. దీనికి ప్రభుత్వం 2024 అక్టోబర్ 22న ఒక ఏర్పాటు మొదలుపెట్టింది. బయటి దేశం నుంచి +91 నంబర్‌తో కాల్ వస్తే, ఆ నంబర్ మనిషి నిజంగా విదేశంలో రోమింగ్‌లో ఉన్నాడా అని సరిచూసి, లేకపోతే ఆపేస్తుంది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ ఆపామని ప్రభుత్వం చెప్పింది. దొంగల్లో చాలామంది ఇప్పుడు సిమ్ బాక్సుల మీద, వాట్సాప్ మీద పడ్డారు. 2024లో కంబోడియాలో సైబర్ ముఠాల చేతిలో ఇరుక్కుని బలవంతంగా ఇలాంటి కాల్స్ చేసిన మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ల సంగతి అప్పట్లో అందరూ చదివారు, అవతల మాట్లాడేవాడు మన యాసలో మాట్లాడాడని కూడా నమ్మడానికి లేదు.

మరి గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడటానికి ఏది మంచిది? రెండు వైపులా ఒకే యాప్, ఆ దేశంలో అనుమతి ఉన్నది. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి కానీ కాల్స్ ఆపేశారు, అక్కడ బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే వాడాలి. వీపీఎన్ (నెట్ వాడకాన్ని వేరే దేశం మీదుగా తిప్పే యాప్) పెట్టుకుని వాట్సాప్‌లోనే చెయ్యమని ఇక్కడి నుంచి పిల్లల మీద ఒత్తిడి పెట్టకండి, అక్కడ దాంతో చిక్కులు చాలా పెద్దవి. ఒకప్పుడు స్కైప్ వాడిన కుటుంబాలు ఉన్నాయి, అది 2025 మేలో మూతపడింది.

వాట్సాప్ గురించి ఒక మాట. ఇది నంబర్ దాచదు, అవతలివాళ్లకి మీ నంబర్ కనిపించే తీరుతుంది. కాల్ కూడా వీలైతే మీ ఫోన్ నుంచి వాళ్ల ఫోన్‌కి నేరుగా వెళ్తుంది, అంటే మీ ఐపీ అడ్రస్, నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే చిరునామా, అవతలి ఫోన్‌కి తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అక్కడ అడ్వాన్స్‌డ్‌లో, కాల్స్‌లో ఐపీ అడ్రస్ కాపాడే ఆప్షన్ 2023 నుంచి ఉంది, ఆన్ చేస్తే కాల్ వాట్సాప్ సర్వర్ మీదుగా తిరిగి వెళ్తుంది, నాణ్యత కాస్త తగ్గొచ్చు. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే ఆప్షన్ కూడా అదే ప్రైవసీలో ఉంది. ఆడపిల్లల ఫోన్లలో ఈ రెండూ ఇవాళే ఆన్ చెయ్యండి.

ఇప్పుడు అసలు ఎంపిక

మీ సమస్య సిగ్నల్ అయితే, అంటే సీతంపేట వైపు కొండల్లోనో, గోడలు మందంగా ఉన్న పాత మండువా ఇంట్లోనో ఫోన్ తెగుతుంటే, దానికి ఏ యాప్ కొనక్కర్లేదు. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చెయ్యండి. మీ నంబర్ అదే, ప్లాన్ అదే, కాల్ టవర్ బదులు వైఫై మీదుగా మీ కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్తుంది. కరెంటు పోతే రూటర్ పోతుంది కాబట్టి దానికి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోండి. ఈ విషయం ఇంతే.

సమస్య సొంత నంబర్ అందరికీ తెలిసిపోవడం అయితే, ఒంటరిగా పని చేసేవాళ్లకి నా సలహా సూటిగా చెబుతాను: రెండో సిమ్, లేదా ఇంకా మంచిది, ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే ల్యాండ్‌లైన్ నంబర్. మనలో చాలామంది ఫైబర్ పెట్టెకి ఉన్న ఫోన్ సాకెట్ ఖాళీగా వదిలేస్తారు. అది కూడా ఇంటర్నెట్ ఫోనే, లోపల సిప్ మీదే నడుస్తుంది, కాకపోతే నంబర్ మాత్రం శ్రీకాకుళం అయితే 08942, విజయనగరం అయితే 08922 తో పక్కా ల్యాండ్‌లైన్ నంబర్. మీ కనెక్షన్‌కి ఆ సదుపాయం ఉందో లేదో కేబుల్ కుర్రాణ్ణి అడిగితే చెబుతాడు. కొన్ని కంపెనీలు అదే నంబర్‌ని మొబైల్‌లో యాప్ ద్వారా ఎత్తుకునే వీలు కూడా ఇస్తాయి. చాలామందికి తెలియని సంగతి, వాట్సాప్ బిజినెస్ యాప్‌ని ల్యాండ్‌లైన్ నంబర్‌తో కూడా తెరవొచ్చు, కోడ్‌ని మెసేజ్ బదులు కాల్ ద్వారా చెప్పించుకుంటే సరి. అప్పుడు చీరలు అమ్మే అమ్మాయి పోస్టు కింద 08942 నంబర్ పెట్టొచ్చు, ఫొటోలూ ఆర్డర్లూ అన్నీ ఆ నంబర్ వాట్సాప్‌లోనే నడుస్తాయి, రాత్రి తొమ్మిదికి ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపేసి పడుకోవచ్చు. సొంత నంబర్ ఇంట్లోవాళ్లకే.

రెండో సిమ్ కూడా మంచిదే, చవకే. మన రాష్ట్రంలో ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్‌ల దాకా అనుమతి ఉంది. కాకపోతే రెండో సిమ్ నంబర్‌ని దాస్తుంది కానీ మనిషిని దాచదు. ఆ నంబర్‌కి బ్యాంకు ఖాతా కలిపి యూపీఐ పెట్టారంటే, ఎవరైనా పేమెంట్ యాప్‌లో ఆ నంబర్ కొట్టగానే మీ పూర్తి పేరు వస్తుంది. చాలామంది వేధించేవాళ్లు పేరు పట్టుకునేది అక్కడే, ఆ పేరుతో ఫేస్‌బుక్‌లో వెతుకుతారు. డబ్బులు తీసుకోవడానికి షాపు పేరు మీద క్యూఆర్ కోడ్ తీసుకుని, సిమ్‌ని యూపీఐకి కలపకుండా ఉంచండి. ఇంకోటి, సిమ్ కాగితాల్లో ఉన్న పేరునే కాల్ వచ్చినప్పుడు తెర మీద చూపించే ఏర్పాటు తేవాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫార్సు చేసింది. అలా చూపించే ఫోన్లలో మీరు చేసే కాల్‌కి మీ పేరు కనిపిస్తుంది, నంబర్ ఏదైనా సరే. పేరు కూడా తెలియకూడదు అనుకునేవాళ్లు కస్టమర్లకి ఆ సిమ్‌తో కాల్ చెయ్యకుండా, వాట్సాప్ బిజినెస్‌లో షాపు పేరుతో మాట్లాడటం మేలు.

ఫోన్‌లో ముందు ఏవో అంకెలు కొట్టి చేస్తే నంబర్ కనిపించదని వీడియోల్లో చెబుతుంటారు. వేరే దేశాల్లో అది పనిచేస్తుంది, మన దేశంలో నంబర్ కనిపించకుండా కాల్ చేసే సౌకర్యం మామూలు కస్టమర్లకి ఇవ్వరు. టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

నలుగురైదుగురు స్టాఫ్ ఉంటే

ఇక్కడ లెక్క మారుతుంది. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఆఫీసు పెట్టి హోమ్ నర్సులని పంపే సంస్థ ఉందనుకోండి. నర్సు నంబర్ పేషెంట్ ఇంట్లోవాళ్లకి తెలియకూడదు, వాళ్ల నంబర్ నర్సు దగ్గర మిగిలిపోకూడదు, పని అయ్యాక సంబంధం తెగిపోవాలి. క్యాబ్ యాప్‌లలో డ్రైవర్‌కీ మనకీ మధ్య జరిగేది ఇదే. దీనికి క్లౌడ్ టెలిఫోనీ కంపెనీలు, అంటే ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌ని తమ సర్వర్ల మీద నడిపి అద్దెకిచ్చేవి, ఉన్నాయి, హైదరాబాద్ కేంద్రంగా ఓజోన్‌టెల్, బెంగళూరు కేంద్రంగా ఎక్సోటెల్, ఇంకా చాలా. వాళ్లు మీకొక నంబర్ ఇస్తారు, లోపల ఒక పట్టిక ఉంటుంది: ఈ నర్సుకి ఈ ఇల్లు, ఈ తేదీ దాకా. నర్సు ఆ నంబర్‌కి చేస్తే సర్వర్ పట్టిక చూసి పేషెంట్ ఇంటికి ఇంకో కాల్ వేసి రెండింటినీ కలుపుతుంది. ఇద్దరికీ కనిపించేది మధ్య నంబరే.

వినడానికి అద్భుతంగా ఉంటుంది. మన దగ్గర అది ఎక్కడ దెబ్బతింటుందో చెబుతాను, ఎందుకంటే అమ్మేవాళ్లు దీన్ని చెప్పరు. ఆ పట్టిక మనిషిని గుర్తుపట్టేది అతను ఏ నంబర్ నుంచి చేస్తున్నాడు అనే ఒక్క దాంతో. మన ఊళ్లలో బుక్ చేసేది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు, ఫోన్ చేసేది నెల్లిమర్లలో ఉన్న తండ్రి, ఒక్కోసారి పక్కింటి పిన్ని ఫోన్ నుంచి. పట్టికలో ఆ నంబర్ లేదు. అప్పుడు సర్వర్ ఏం చేస్తుంది? మామూలుగా "దయచేసి నమోదైన నంబర్ నుంచి కాల్ చేయండి" అని ఇంగ్లీషులోనో హిందీలోనో చెప్పి పెట్టేస్తుంది. మంచం మీద పేషెంట్ ఉన్న ఇంటికి అది ఎంత టెన్షన్! కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: పట్టికలో లేని నంబర్ నుంచి కాల్ వస్తే ఎక్కడికి వెళ్తుంది? ఆఫీసులో మనిషికి వెళ్లేలా పెట్టగలిగితేనే తీసుకోండి. ఒక ఇంటికి మూడు నాలుగు నంబర్లు ఎక్కించే వీలుందో లేదో కూడా అడగండి.

"ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే మెనూ గురించి నా మాట వినండి, పెట్టొద్దు. శ్రీముఖలింగం నుంచి ఫోన్ చేసే పెద్దాయనకి అవతల మిషన్ మాట్లాడిందంటే పెట్టేస్తాడు. నేరుగా మోగనివ్వండి, ఒకరు ఎత్తకపోతే పదిహేను సెకన్లలో ఇంకొకరికి వెళ్లేలా పెట్టుకోండి. మిస్డ్ కాల్ వస్తే వెంటనే స్టాఫ్‌కి మెసేజ్ పడే ఏర్పాటు అడగండి, మన దగ్గర సగం వ్యాపారం మిస్డ్ కాల్ మీదే నడుస్తుంది.

ఖర్చు దగ్గర ఒక కిటుకు ఉంది. కలపడానికి సర్వర్ రెండు కాల్స్ వేస్తే రెండింటికీ చార్జీ. మీరు కంప్యూటర్‌లో బటన్ నొక్కి చేసే పద్ధతిలో ముందు మీకు మోగుతుంది, తర్వాత కస్టమర్‌కి, అంటే నిమిషం మాట్లాడితే బిల్లులో రెండు నిమిషాలు పడొచ్చు. మీకు వచ్చే కాల్‌ని దారి మళ్లించడానికి కూడా ఒక చార్జీ ఉంటుంది. నెల అద్దె మాత్రమే చూసి సంతకం పెట్టకండి, మీ పాత నెల కాల్ లిస్టు తీసి వాళ్ల ముందు పెట్టి దీనికి ఎంత అవుతుందో లెక్క కట్టించండి. నంబర్ ఎవరి పేరు మీద ఉంటుంది, కంపెనీ మారితే తీసుకెళ్లొచ్చా అనేది రాతపూర్వకంగా అడగండి. చాలా చోట్ల వెంట రాదు. బోర్డులు, బిల్లు పుస్తకాలు, ఆటో వెనక బ్యానర్లు, అన్నిటి మీదా ఆ నంబర్ వేశాక కంపెనీ రేటు పెంచితే మీరు బందీ అయిపోతారు.

లైసెన్స్ సంగతి కూడా అడగండి. సొంత టెలికం లైసెన్స్ ఉందా, లేక లైసెన్స్ ఉన్న ఏ ఆపరేటర్ నంబర్లు వాడుతున్నారు? తడబడితే వద్దు. కాల్ వివరాలని కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబర్ నుంచి టెలికం లైసెన్సుల్లో నిబంధన ఉంది. అంటే మీ కస్టమర్‌కి మీ నంబర్ కనిపించకపోవచ్చు, పోలీసులు చట్టప్రకారం అడిగితే అంతా బయటికి వస్తుంది. ఇది భయపడాల్సిన విషయం కాదు, నర్సుకి ఎవడైనా వేధింపు కాల్ చేస్తే మీకు దొరికే సాక్ష్యం కూడా అదే.

కోచింగ్ సెంటర్లకి, ప్లాట్లు అమ్మేవాళ్లకి ఒక హెచ్చరిక. ఈ నంబర్లు వచ్చే కాల్స్ తీసుకోవడానికి, మీ కస్టమర్లతో మాట్లాడటానికి. ఎవరివో నంబర్ల లిస్టు కొని ప్రచారం కాల్స్ చేయడానికి కాదు. దానికి రిజిస్టర్ చేసుకుని 140తో మొదలయ్యే నంబర్లే వాడాలి. 1600తో మొదలయ్యేవి బ్యాంకులకి, బీమా కంపెనీలకి, ప్రభుత్వానికి. రిజిస్టర్ కాకుండా ప్రచారం చేసేవాళ్ల లైన్లన్నీ తీసేసి రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టమని ట్రాయ్ 2024 ఆగస్టులో కంపెనీలకి చెప్పింది.

తుఫాను రోజుల్లో మాత్రం క్లౌడ్ నంబర్ ముందు మిగతావేవీ నిలబడవు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, టవర్లు అన్నీ పోయాయి. షాపులో ఉన్న ఫైబర్ ఫోన్ అలాంటప్పుడు ఎందుకూ పనికిరాదు. క్లౌడ్ నంబర్ అయితే నంబర్ మీ షాపులో లేదు, ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంది, విశాఖలో ఉన్న బావమరిది ఫోన్‌కి దాన్ని మళ్లిస్తే పలాస జీడిపప్పు ఆర్డర్లు ఆగవు. బయటి రాష్ట్రాలకి సరుకు పంపే వ్యాపారులు దీనికోసమైనా చూడాలి.

హాస్పిటళ్లు, కాలేజీలు, సొంత ఎక్స్‌ఛేంజ్

ఇరవై ముప్పై ఎక్స్‌టెన్షన్లు, అంటే గదుల్లోని లోపలి ఫోన్లు, ఉన్నచోట వాటిని నెట్ పద్ధతిలో కలిపే సొంత ఐపీ ఎక్స్‌ఛేంజ్ పెట్టుకుని, టెలికం కంపెనీ నుంచి సిప్ ట్రంక్ (ఒకేసారి చాలా కాల్స్ మోసే సిప్ లైన్) తీసుకోవడం చవక. ఆ ఎక్స్‌ఛేంజ్‌ని నడిపే ఆస్టరిస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఎవరు ఏ గది నుంచి చేసినా బయటికి కనిపించేది హాస్పిటల్ మెయిన్ నంబర్ ఒక్కటే, డాక్టరమ్మ నంబర్ పేషెంట్‌కి వెళ్లదు. కానీ దీన్ని చూసుకునే మనిషి ఉండాలి. సిప్ కబుర్లు వచ్చే తలుపు లాంటి 5060 పోర్టుని బయటి నెట్‌కి తెరిచి, ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ కూడా 101 అని వదిలేస్తే, ఎక్కడో కూర్చున్నవాడు రాత్రికి రాత్రి మీ లైన్ మీద విదేశాలకి కాల్స్ చేసేస్తాడు, బిల్లు మీకు వస్తుంది. బయటికి తెరవకండి, ఐఎస్‌డీ (విదేశీ కాల్స్) అవసరం లేకపోతే ట్రంక్‌లోనే తీయించెయ్యండి. ఏడాదికి ఒకసారి వచ్చి వెళ్లే టెక్నీషియన్‌ని నమ్ముకుని దీనిలోకి దిగొద్దు, క్లౌడ్‌కే వెళ్లండి.

మొబైల్ యాప్‌తో పూర్తి పది అంకెల నంబర్ ఇచ్చే ఇంటర్నెట్ టెలిఫోనీకి మన దేశంలో 2018లో దారి తెరిచారు, బీఎస్‌ఎన్‌ఎల్ అప్పుడు వింగ్స్ పేరుతో ఏడాదికి 1,099 రూపాయలకి మొదలుపెట్టింది. అలాంటిది మీకు ఎవరైనా అమ్మజూపితే రెండు విషయాలు చూసుకోండి: బ్యాంకు ఓటీపీలు వస్తాయా, అత్యవసర నంబర్ 112కి కాల్ వెళ్తుందా. ఈ రెండిటికీ అసలు సిమ్ ఫోన్‌లో ఉండాల్సిందే, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మరీ.

మొదట్లో చెప్పిన యాప్‌లు ఇచ్చే విదేశీ వర్చువల్ నంబర్లు (సిమ్ లేని నంబర్లు) ఎందుకు వద్దన్నానంటే, ఆ నంబర్ నిన్న ఇంకొకరిది, రేపు ఇంకొకరిది. దానితో వాట్సాప్ తెరిచి వ్యాపారం పెట్టుకుంటే, అద్దె ఆగిన రోజు ఆ నంబర్ పుచ్చుకున్న కొత్తవాడు మీ ఖాతా తన పేరుకి తిప్పుకోగలడు. ప్లస్ వన్ (అమెరికా) నుంచో ప్లస్ ఫార్టీఫోర్ (బ్రిటన్) నుంచో కాల్ వస్తే మన జనం ఎత్తరు కూడా, ఎత్తకపోవడమే మంచిది.

తెర మీద ఏ నంబర్ ఉన్నా, 08942 ఉన్నా, డబ్బు, ఓటీపీ, అరెస్టు అనే మాట వచ్చిందంటే పెట్టేసి, ఆ సంస్థ నంబర్ మీరే వెతికి తిరిగి చెయ్యండి. కాల్ వచ్చిన నంబర్‌కి కాదు. డబ్బు పోతే ఆలస్యం లేకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి. డబ్బు పోకపోయినా అనుమానపు కాల్‌ని కేంద్ర టెలికం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో, చక్షు అనే విభాగంలో నమోదు చెయ్యండి, విదేశీ కాల్ లోకల్ నంబర్‌తో వచ్చినా అక్కడే చెప్పొచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా ఆ సంచార్ సాథీలోనే కనిపిస్తుంది, మీవి కానివి ఉంటే తీయించెయ్యండి.

రెండో సిమ్ తీసుకునేవాళ్లు రీచార్జ్ తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. నంబర్ ఆగిపోయాక 90 రోజులు దాన్ని ఎవరికీ ఇవ్వరు, ఆ తర్వాత కొత్తవాళ్లకి ఇచ్చేస్తారు. మీ షాపు బోర్డు మీద నంబర్ అలాగే ఉంటుంది, ఫోన్ మాత్రం ఇంకెవరి ఇంట్లోనో మోగుతుంది. నంబర్ వదిలేయాలనుకుంటే ముందు వాట్సాప్ ఖాతాని కొత్త నంబర్‌కి మార్చి, గ్యాస్, కరెంటు, కొరియర్ యాప్‌లలో తీసేసి, ఆ తర్వాతే రీచార్జ్ ఆపండి.